ముందు నాలుగు అతుకులు

ఇంకా యాభై నిమిషాలుంది అని మైకులో చెప్పారు. యాభై నిమిషాల్లో మా అక్క ఈ కారులో కూర్చుని రేసు ట్రాక్ గేటు దాటుతుంది, దాటితే మూడో మలుపు దగ్గర చచ్చిపోవచ్చు, ఆ సంగతి ఇక్కడున్న రెండు మూడు వందల మందిలో నా ఒక్కడికే తెలుసు, నేనేమో చేతిలో గుడ్డ పట్టుకుని అద్దంలా ఉన్న రేకుని ఇంకా తుడుస్తున్నాను. తుడవడం తప్ప నాకింకేం వచ్చు. పాతికేళ్లుగా పళ్ల సెట్లు కడుతున్నాను, డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తాడు, నేను ప్లాస్టర్ పోసి, మైనం పరిచి, పన్ను పక్కన పన్ను పేర్చి, చివర్లో అరగదీసి అరగదీసి నున్నగా చేసి పంపిస్తాను, నాలుక మహా గడుసుది, వెంట్రుకంత గరుకు దొరికినా రోజంతా అక్కడే తిరుగుతుంది, అందుకని నాలుకకి దొరకనంత నునుపు రావాలి, నా చేతికి తెలిసిన న్యాయం ఇదొక్కటే, గరుకుంటే తప్పు, నునుపుంటే ఒప్పు. ఆ న్యాయం తీసుకొచ్చి బావ కారు మీద పెట్టాను.

పది నిమిషాల క్రితం వరకూ సుఖంగానే ఉన్నాను. పక్క షెడ్డులో మందుల షాపాయన తన ఎర్ర కారు ముందు మూత ఎత్తి పెట్టుకుని గర్వంగా నిలబడితే, ఊరికే కాలక్షేపానికి వెళ్లి తొంగి చూశాను. ఆయనా మాలాగే, ఇంటి వెనక షెడ్డులో గొట్టాలు కోసుకుని, అతికించుకుని, పాత మామూలు కారు ఇంజను పెట్టుకుని, అరవై ఏళ్ల కిందటి రేసు కార్ల తీరుగా కట్టుకున్నవాడు. లోపల గొట్టాలు కలిసే ప్రతి మూలా కరిగించి పోసిన ఇత్తడి ముద్దలు ముద్దలుగా పేరుకుని ఉంది, పిల్లలు మట్టి మెత్తినట్టు. నా పళ్లు జివ్వుమన్నాయి. "ఏమండీ, ఇంత బాగా కట్టారు, ఆ అతుకులు కాస్త నున్నగా తీసుకుంటే బాగుండేదిగా?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నున్నగా తీస్తే ఇంకేం మిగుల్తుందండీ? పట్టు మొత్తం ఆ ముద్దలోనే గదా ఉండేది. మిగతాదంతా గొట్టానికి గొట్టం ఆనించి పెట్టినట్టే. కొంపదీసి మీరు అరగదీశారా ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. "అబ్బే, ఆ పనంతా మా బావదండీ, నేను పైపై మెరుగులే" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసింది అబద్ధం, ఆలోచించే పని కూడా పడలేదు, నవ్వుకుంటూ మా షెడ్డుకి నడిచి వచ్చాను, వచ్చాక టైరు మీద కూర్చున్నాను, తర్వాత లేచి గుడ్డ తీసుకున్నాను.

బావ చెప్పాడు. చెప్పలేదని ఎలా అనుకోను, ఒకసారి కాదు. బావ బస్సు డిపోలో వెల్డరు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా విరిగిన సీట్లూ ఊడిన మెట్లూ అతికించి ఇంటికొచ్చి, మొహం కడుక్కుని మళ్లీ షెడ్డులోకి వెళ్లి గ్యాసు వెలిగించేవాడు, తొమ్మిదేళ్లు. నాకు ప్లాస్టర్ వచ్చు కాబట్టి కారు ముక్కుకి అచ్చు నేను పోశాను, ఆ అచ్చు చూసి ఇద్దరం ఇసక సంచి మీద అల్యూమినియం రేకు పెట్టి చెక్క సుత్తితో కొట్టుకుంటూ కూర్చునేవాళ్లం, ఒక్క ముక్కుకే ఐదు నెలలు పట్టింది, అక్క వచ్చి గడప దగ్గర నిలబడి "మీ ఇద్దరి ముక్కులూ కలిపినా ఇంత ఉండదు, దీనికింత ఆర్భాటమా" అనేది. రేకులు నావి, డాష్ బోర్డు నాది, సీటు తోలు నాది. ఎముకలు మాత్రం బావవి. నేను ఏదన్నా గొట్టం మీద చెయ్యేస్తే చాలు, "అమ్మో, పళ్ల బామ్మర్ది వచ్చాడు, ఆకురాళ్లు దాచెయ్యండర్రా" అని షెడ్డులో లేనివాళ్లకి కూడా వినపడేలా అరిచేవాడు. ముందు చక్రాలని పట్టి ఉంచే ఇనుప చేతులు వచ్చి తగులుకునే బ్రాకెట్లు నాలుగు, అవి అతికించిన రోజు బాగా గుర్తు, ఇత్తడి కడ్డీ మీద కడ్డీ కరిగించి పోస్తూనే ఉన్నాడు, చల్లారాక చూస్తే వికారంగా ఉబ్బి ఉన్నాయి. "బావా, నాకొక్క గంట ఇయ్యి, పాలరాయి చేసి పెడతాను" అన్నాను. "ముట్టుకోకు. అది పన్ను కాదురా" అన్నాడు. ఎందుకు అని నేను అడగలేదు, ఎందుకో ఆయన చెప్పలేదు. నేను అనుకున్నదేంటంటే, పొగరు అనుకున్నాను, నాకన్నా చదువు తక్కువ కాబట్టి తన పని నేను దిద్దడం ఇష్టం లేదు అనుకున్నాను. తొమ్మిదేళ్లు పక్కపక్కన కూర్చుని పని చేసినవాడి గురించి.

"నలభై నిమిషాలు." అక్క షెడ్డు వెనక స్టూలు మీద కూర్చుని బూట్ల తాళ్లు కడుతోంది, ఒక ముడి వేసి, లాగి చూసి, దాని మీద ఇంకో ముడి. అక్కకి యాభై నాలుగు. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెప్తోంది, నడిరోడ్డు మీద బండి ఆగిపోయి వెనక నలభై హారన్లు మోగుతున్నా పక్క సీట్లో కూర్చుని "ఏం పర్లేదు, క్లచ్ తొక్కు, ఊపిరి తీసుకో, వాళ్ల హారన్లు వాళ్ల ఇష్టం" అనే మనిషి, గంటకి ముప్పై దాటని బండిలో జీవితమంతా కూర్చుంది. ఈ కారు మొదటి రోజు నుంచీ ఆవిడదే. బావకి వేగం అంటే భయం, స్కూటరు కూడా గోడ పక్కనే నడిపేవాడు. పెళ్లైన కొత్తలో ఒకసారి ఎవరి కారులోనో అక్క ఘాట్ రోడ్డు దిగితే పక్కన కూర్చుని చూశాడట, కళ్లు మూసుకుందామనుకుని మూసుకోలేకపోయాడట, "మీ అక్క చేతుల్లో బండి నీళ్లలా పోయిందిరా" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ఆ చేతుల కోసం కట్టాడు. ఎంట్రీ ఫారం ఆయనే నింపి పెట్టాడు, తేదీ మాత్రం వదిలేసి, ఆసుపత్రికి వెళ్లే ముందు, డ్రైవరు పేరు దగ్గర అక్క పేరు రాసి కింద రెండు గీతలు గీశాడు. రేసుకి కావాల్సిన గుండె పరీక్ష అక్క ఈ ఏడాదికి పాసైంది, "వచ్చే ఏడాది సంతకం పెట్టనమ్మా, ముందే చెప్తున్నాను" అన్నాడు డాక్టరు, కాబట్టి ఒకే ఒక్క రేసు, ఇవాళ, పన్నెండు చుట్లు, పావుగంట కన్నా కొంచెం ఎక్కువ. అంతే. ఆ పావుగంట కోసం తొమ్మిదేళ్లు, ఒక మనిషి ఊపిరితిత్తులు.

"ఏంట్రా అలా ఉన్నావు, పాలిపోయి?" అంది బూటు మీంచి తలెత్తకుండానే.

"ఏం లేదు. పొద్దున్న సరిగ్గా తినలేదు."

"నడిపేది నేను, కడుపులో తిప్పేది నీకా? ఆ బిస్కెట్లు తిను. చచ్చేలా ఉన్నావు చూడ్డానికి."

తిన్నాను. ఇప్పుడు చెప్పచ్చు, నోట్లో బిస్కెట్టు అయిపోగానే చెప్పచ్చు, ఇంకో బిస్కెట్టు తీసుకున్నాను. నిన్న ప్రాక్టీసులో ఆరు చుట్లు తిరిగింది కదా, ఏమైంది, ఏమీ కాలేదు. నిన్న వాన. వానలో అక్క పాఠాలు చెప్తున్నట్టే నడిపింది, ముసలి టైర్లు తడి రోడ్డు మీద జారుతుంటే చక్రం మీద బరువెక్కడ పడుతుంది. ఇవాళ ఎండ. ఇవాళ మూడో మలుపు దిగుడులో నూట ముప్పైతో వచ్చి బ్రేకు తొక్కి కుడికి తిప్పుతుంది, కారు మొత్తం ముందు ఎడమ చక్రం మీదకి వాలుతుంది, ఆ చక్రాన్ని పట్టుకుని ఉన్నవి రెండు బ్రాకెట్లు, ఆ బ్రాకెట్లని పట్టుకుని ఉన్నది కాగితమంత ఇత్తడి, దాని మీద బూడిద రంగు, రెండు పూతలు, అది కూడా నేనే వేశాను, బ్రష్షు గీత కూడా కనపడకుండా. పొద్దున్న తనిఖీలో ఆ పెద్దాయన, రైలింజన్ల దగ్గర పని చేసి రిటైరైన మనిషి, కారు ముందు మూత ఎత్తి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒక్కొక్క అతుకు మీదా బొటనవేలు పోనిచ్చాడు. "చేయి తిరిగిన పనమ్మా, ఎవరిది?" అన్నాడు. "మావారిదండీ" అంది అక్క. ఆయన మా అతుకుల మీద కొంచెం ఎక్కువసేపే ఆగాడు, ఏదో అడగబోయాడేమో కూడా, వెనక ఇంకా పదకొండు కార్లు వరసలో ఉన్నాయి, పచ్చ స్టిక్కరు అంటించి వెళ్లిపోయాడు. ఆయనే ఒప్పుకున్నాక నేనెవర్ని. స్టిక్కరుందిగా. ఏమైనా అయితే స్టిక్కరు వేసినవాడిని అడుగుతారు. ఛీ, ఏం ఆలోచిస్తున్నాను నేను, అక్క పక్కనే బిస్కెట్లు నములుతూ ఎవరి మీదకి నెట్టాలా అని లెక్కలు వేస్తున్నాను.

ఎప్పుడు చేశానంటే, బావ ఆసుపత్రిలో ఉన్న మూడో వారం. అక్క అక్కడే ఉండేది, నేను సెలవు రోజుల్లో వెళ్లి కారు పని కొంచెం కొంచెం చేస్తున్నాను, బావ వచ్చేసరికి ఏదో ఒకటి పూర్తి చేసి చూపించాలని ఆశ. ఆ ఆదివారం షెడ్డులో నేనొక్కడినే. ఇంజను పెట్టే ముందు గొట్టాలకి రంగు వేద్దామని కూర్చున్నాను, ఆ ముద్దలు నా మొహం ఎదురుగానే ఉన్నాయి, రేపు ఎవరైనా మూత ఎత్తితే మొట్టమొదట కనపడేవి అవే, బావ చేసిన పని అంటే ఇదేనా అనుకుంటారు అని బాధేసింది. నిజంగా బాధే, పొగరు కాదు, పొగరు కూడా ఉందేమో. ముందు అరగుండ్రం ఆకురాయి, తర్వాత ఎమరీ కాగితం, చివరికి మా లాబొరేటరీలో పళ్లకి వాడే చిన్న మోటారు తెచ్చి దానికి రబ్బరు చక్రం తగిలించి, నాలుగు గంటలు, నాలుగు అతుకులు. ఎంత హాయిగా ఉందో ఆ పని, అంత హాయిగా నేను ఏ పనీ చేయలేదు. గొట్టంలోంచే బ్రాకెట్టు మొలిచినట్టు వచ్చింది. కింద నేల మీద పసుప్పచ్చటి పొడి, చీపురుతో ఊడ్చి చేటలోకి ఎత్తాను, గుప్పెడుంది. ఇంత బరువుందే అనుకున్నాను, నవ్వుకున్నాను, బయట పారబోశాను. అక్కని మోయాల్సింది ఆ గుప్పెడే.

ఫోటో తీసి తీసుకెళ్లి చూపించాను. అప్పటికి బావ మొహానికి మాస్కు, మాట లేదు. ఫోను పట్టుకుని దగ్గరగా చూశాడు, చాలాసేపు చూశాడు, తర్వాత కుడి చెయ్యి ఎత్తి వేళ్లు అయిదూ దగ్గర చేసి ఫోటో మీదకి తోశాడు, మళ్లీ తోశాడు, మళ్లీ. కళ్లలో నీళ్లు. నాకూ వచ్చాయి. బాగుందంటున్నాడు అనుకున్నాను. "నీ పేరు నిలబెట్టాను బావా" అన్నాను. చెయ్యి మంచం మీద పడేసి గోడ వైపు తిరిగాడు. అలిసిపోయాడు అనుకున్నాను. కడ్డీ పట్టుకునేది అలాగే కదా, అయిదు వేళ్లూ దగ్గర చేసి. మళ్లీ పొయ్యి, ఇంకా పొయ్యి అన్నాడేమో. లేకపోతే ఊపిరాడక చెయ్యి ఆడించాడేమో, ఆ మంచం మీద మనుషులు చేతులు ఎన్ని రకాలుగానో ఆడిస్తారు, ఇప్పుడు నేను భయంలో కూర్చుని దానికి అర్థం అల్లుకుంటున్నానేమో. అయిదు రోజుల తర్వాత పోయాడు. ఏమన్నాడో ఇక తెలియదు. కానీ గోడ వైపు తిరిగాడు, అది మాత్రం నా కళ్లతో చూశాను.

పదిహేను నిమిషాలు. ఎప్పుడు అయింది ఇంతసేపు, అక్క హెల్మెట్ పెట్టుకుంది, చేతి తొడుగులు బిగించింది, నారింజ రంగు కోటాయన వచ్చి "ఎనిమిదో వరసమ్మా, ఎడమ వైపు" అన్నాడు, నేనూ మందుల షాపాయన కొడుకూ కలిసి మా కారుని తోస్తున్నాం, నా చేతులే తోస్తున్నాయి, ఆపచ్చు కదా, చేతులు తీసేయచ్చు కదా. ఎంత తేలిక బండి, బావ ప్రతి గొట్టాన్నీ తూచి కోశాడు, వేలితో తోస్తే పోతుంది. సున్నం గీతల మధ్య ఆపాం. అక్క లోపలికి దిగింది, దిగేటప్పుడు సీటు అంచు మీద ఒక్క క్షణం కూర్చుని చుట్టూ చూసింది, ముందు పద్నాలుగు కార్లు, పైన ఆకాశం, ఎండకి కళ్లు చికిలించింది, నవ్వింది. బావ పోయిన పద్నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు. దాన్ని నేనెలా తీసేసుకోను. చెప్తే నవ్వు పోతుంది, చెప్పకపోతే, చెప్పకపోతే ఏమో, పోకపోవచ్చు కూడా, ఇనుము మొండిది, కాగితమంత ఇత్తడైనా పన్నెండు చుట్లు ఆగచ్చు, సాయంత్రం ఇంటికెళ్లి నెమ్మదిగా చెప్తాను, నవ్వుకుంటాం. అయిదు నిమిషాల బోర్డు ఎత్తారు. ఇంజన్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి, నేల అదురుతోంది, మా ఇంజను కూడా లేచింది, మొదటి తిప్పుకే, బావ ఉంటే గంతేసేవాడు. కాదు, బావ ఉంటే ఆ మూత ఎత్తి చూసేవాడు.

వంగాను. "అక్కా, ఆపు."

చెవి చూపించింది, వినపడటం లేదని. ఇంకా దగ్గరకి వంగి, "ఆపవే!" అని అరిచాను. బొటనవేలు ఎత్తి చూపించింది, అంతా బాగానే ఉందని. ఆవిడ మోకాలి మీదుగా చెయ్యి పోనిచ్చి తాళం నేనే తిప్పేశాను. చుట్టూ అన్ని ఇంజన్లూ మోగుతుంటే మాదొక్కటే చచ్చిపోయింది.

"ఏం చేశావురా?" అంది, తాళం గురించే.

నేను మిగతాదంతా చెప్పాను. "ముందు అతుకులు అక్కా, బ్రాకెట్లవి. బావ పోసిందంతా అరగదీసేశాను. నాలుగూ. నున్నగా ఉంటే బాగుంటుందని. పట్టు అందులోనే ఉంటుందంట. నాకు తెలీదు, కానీ బావ ముట్టుకోవద్దనే చెప్పాడు. పైన రంగుంది, లోపల ఏం లేదు."

హెల్మెట్ అద్దం పైకెత్తింది. కూడలిలో బండి ఆపేసుకున్న కొత్త డ్రైవర్ని ఎలా చూస్తుందో అలాగే చూసింది, కోపం లేకుండా, ఏ పెడల్ మీద కాలుందో కనుక్కోడానికన్నట్టు. "ఎప్పుడు?"

"బావ ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

"ఆయనకి తెలుసా?"

"ఫోటో చూపించాను."

కళ్లు మూసుకుంది. రెండు నిమిషాల బోర్డు. "ప్రమాదమని నీకెప్పుడు తెలిసింది?"

"గంట క్రితం."

"గంటసేపు తుడుస్తూ కూర్చున్నావా?"

"అవును."

కుడి చెయ్యి పైకెత్తి, వేళ్లు విప్పి, అలాగే ఉంచింది. నారింజ కోటాయన పరిగెత్తుకొచ్చాడు. "ఏమైందమ్మా? ఇప్పుడే స్టార్టయిందిగా?"

"అయిందండీ. నడవదు. పక్కకి తీయించండి."

"తప్పు నాదండీ, అతుకులు..." అని నేను మొదలెడితే, "నువ్వు తొయ్యి" అంది అక్క. తోశాను. కార్ల మధ్యలోంచి వెనక్కి తోస్తుంటే మందుల షాపాయన తన సీట్లోంచి తల తిప్పి చూశాడు, నా మొహం చూడగానే ఆయనకి అర్థమైపోయింది, తల ముందుకి తిప్పేసుకున్నాడు. గోడ పక్కన తనిఖీ పెద్దాయన ఎదురొచ్చాడు, అక్క రెండు ముక్కల్లో చెప్పింది, ఆయన వంగి అతుకు మీద గోరుతో రంగు గీకి చూశాడు. "నేను కూడా చూడాల్సిందమ్మా" అన్నాడు. పచ్చ స్టిక్కరు ఊడదీస్తూ, "పోన్లెండి, మళ్లీ పోయించుకుని వచ్చే ఏడాది తీసుకురండి" అన్నాడు.

"అలాగేనండీ" అంది అక్క.

జెండా పడింది. అక్క హెల్మెట్ తీయకుండానే గోడ దగ్గర నిలబడి చూసింది, అక్కడి నుంచి మూడో మలుపు సగం కనపడుతుంది. దిగుడులో కార్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి, ముక్కు కిందకి దించి, కుడికి తిరిగి, కొండ చాటుకి పోతున్నాయి. ఎర్ర కారు కూడా పోయింది. మొదటి చుట్టు, రెండో చుట్టు, ఒక్కటి కూడా జారలేదు. నేను పళ్లు బిగించి చూస్తున్నాను, ఒక కారన్నా జారాలని కోరుకున్నాను, ఎవరికీ దెబ్బ తగలకుండా, ఊరికే కొంచెం జారితే చాలు, నేను చేసింది సరైన పనేనని అక్కకి కనపడేలా. జారలేదు.

"అందరూ తిరిగారు" అంది అక్క.

"మనదీ తిరిగేదేమో అక్కా."

"తిరిగేదేమో."

హెల్మెట్ తీసి నా చేతికిచ్చింది. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది. "వెనకవి?" అంది.

"వెనకవి ముట్టుకోలేదు. బావ ఎలా పోశాడో అలాగే ఉన్నాయి."

అక్క కారు వెనక్కి వెళ్లింది. తెల్లటి కొత్త డ్రెస్సుతో నూనె మరకల మీదే మోకాళ్లేసి కూర్చుని, వంగి, తొడుగు తీసేసి, చెయ్యి మోచేతి దాకా లోపలికి, ఆ ముద్దల మీదకి పెట్టింది. పన్నెండు చుట్లూ అయిపోయి ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నా తీయలేదు. నేను ముందు వైపే నిలబడ్డాను.